చెన్నై నుంచి ఉబ్బలమడుగుకి ఒక్కరే వెళ్లి, చీకటి పడేలోపు ఇంటికొచ్చేయడం ఎలా

చెన్నైలో ఉండే తెలుగువాళ్లలో తడ ఫాల్స్ పేరు విననివాళ్లు తక్కువ. అసలు పేరు ఉబ్బలమడుగు. ఉండేది కూడా తడలో కాదు, తడ నుంచి శ్రీకాళహస్తి వెళ్లే రోడ్డులో వరదయ్యపాళెం దాటి లోపలికి వెళ్తే వచ్చే సిద్ధులయ్య కోన అడవిలో. ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లా. చెన్నైలో మీరెక్కడి నుంచి బయల్దేరారన్నదాన్ని బట్టి 80 నుంచి 100 కిలోమీటర్లు. ఫ్రెండ్స్ గ్యాంగుతో కార్లేసుకుని వెళ్లడం ఎలాగో ఎవరైనా చెబుతారు, అందులో చెప్పడానికీ పెద్దగా ఏమీ ఉండదు. ఇది మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఒక్కరే పొద్దున్నే వెళ్లి కొండ ఎక్కి ధార చూసి సాయంత్రానికి ఇంట్లో ఉండాలనుకునేవాళ్ల కోసం.

మొదలుపెట్టేముందే ఒక మాట. ఒంటరి నడక అంటే మనుషుల్లేని అడవిలోకి దూరడం అని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. నలుగురూ నడిచే దారిలో, నలుగురూ వచ్చే రోజున, మీ అడుగు మీరు వేసుకుంటూ వెళ్లడమే ఒంటరిగా వెళ్లడానికి సరైన పద్ధతి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే ఉంటుంది.

ఏ నెల, ఏ రోజు

ఈ కోనకి ప్రధానంగా నీళ్లు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలు, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో మన వీధుల్ని ముంచే వానలే. జూలైలో ఎవరో పడమటి కనుమల జలపాతం వీడియో పెట్టారని ఇటు పరిగెత్తితే ఎక్కువగా కనపడేవి బండలే. నవంబర్‌లో ధార నిండుగా ఉంటుంది, కానీ అల్పపీడనాలూ తుఫాన్లూ వచ్చేదీ, ఫారెస్టు వాళ్లు గేటు మూసేసేదీ అప్పుడే. ఒక్కరే వెళ్లేవాళ్లకి నేను చెప్పేది డిసెంబర్ మూడో వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా. నీళ్లుంటాయి, ఉరవడి తగ్గి ఉంటుంది, ఎండ కూడా మాడ్చదు. మహాశివరాత్రి చుట్టుపక్కల రోజులు మాత్రం వదిలేయండి, కోనలో ఉన్న శివుడి కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి.

మార్చి వచ్చిందంటే గడ్డి ఎండి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు ఇరవైమందికి పైగా చనిపోయారు, వాళ్లలో చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతే తమిళనాడు ప్రభుత్వం ట్రెక్కింగ్‌కి విడిగా నియమాలు పెట్టింది. కత్తిరి ఎండల్లో, అంటే మే నెలలో, ఆ కొండ ఎక్కుతానంటే ఇక నేను చెప్పేదేమీ లేదు.

ఇక వారంలో ఏ రోజు అన్నది. రద్దీ ఉండదు కాబట్టి మామూలు రోజుల్లో వెళ్లమని అందరూ చెబుతారు. గ్యాంగుకైతే సరే. ఒక్కరికైతే శనివారం మంచిది, అదీ గేటు తెరిచిన మొదటి గంటలో. అప్పుడు ఎక్కేటప్పుడు మీ ముందు ఎవరూ ఉండరు, కావాలనుకున్న ఏకాంతం దొరుకుతుంది. కానీ మీ వెనక జనం వస్తూనే ఉంటారు కాబట్టి, కాలు మడత పడి ఓ బండ మీద కూలబడినా అరగంటలో ఎవరో ఒకరు కనపడతారు. మంగళవారం పడిపోతే బుధవారం దాకా ఎవరూ రాకపోవచ్చు. ఆదివారం మధ్యాహ్నమైతే మందు బ్యాచ్‌ల గోల, అది చూడటానికి ఇంత దూరం రావక్కర్లేదు.

ముందు రోజు సాయంత్రం చేయాల్సినవి

వాతావరణం రెండు చోట్ల చూడాలి. మనవాళ్లు చెన్నై బులెటిన్ చూసి, ఎండ కాస్తోందని బయల్దేరతారు. మీరు వెళ్లే కొండ ఆంధ్రలో ఉంది, కాబట్టి అమరావతి వాతావరణ కేంద్రం తిరుపతి జిల్లాకి ఇచ్చే హెచ్చరిక చూడాలి. ఎల్లో అలర్ట్ ఉన్నా సరే, ఒక్కరే అయితే వాయిదా వేసుకోండి. ఆరెంజ్, రెడ్ అయితే అసలు ఆలోచనే వద్దు. ముందు రెండు రోజులు గట్టి వాన పడి ఉన్నా అంతే, ఈ రోజు ఆకాశం నీలంగా ఉన్నా పైన కొండల్లో ఇంకిన నీళ్లు దిగుతూనే ఉంటాయి.

తర్వాత ఒక కాగితం. నిజంగా కాగితమే, వాట్సాప్ మెసేజ్ కూడా పెట్టండి కానీ కాగితం ఒకటి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి వెళ్లండి. అందులో ఎక్కడికి వెళ్తున్నారు, ఏ దారిలో, బండి నంబరు, వేసుకున్న చొక్కా రంగు, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఏం చేయాలి అన్నది ఉండాలి. చివరిదే ముఖ్యం. "సాయంత్రం 5కి ఫోన్ రాకపోతే ఇంకో గంట చూడు, 6కి 112కి ఫోన్ చేసి ఉబ్బలమడుగు, వరదయ్యపాళెం పోలీస్ స్టేషన్ పరిధి అని చెప్పు" అని ఇంత స్పష్టంగా రాయాలి. ఒక చిక్కుంది, చెన్నైలో కూర్చుని 112 కొడితే తమిళనాడు కంట్రోల్ రూమ్‌కి వెళ్తుంది. అందుకే వరదయ్యపాళెం స్టేషన్ నంబరు ముందే వెతికి ఆ కాగితం మీదే రాసిపెట్టండి. ఈ పని అమ్మకి అప్పగిస్తే మధ్యాహ్నం రెండింటికే టెన్షన్ పడి ఊరంతా లేపుతుంది, కాబట్టి రూమ్మేటో, తమ్ముడో, ఆఫీసు ఫ్రెండో, కాస్త నిదానంగా ఉండే మనిషిని చూసుకోండి.

ఫోన్లో ఆ ప్రాంతం మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. వరదయ్యపాళెం దాటి లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ పోతుంది, కోనలో అసలు నమ్మడానికి లేదు.

బ్యాగులో ఏముండాలంటే: నీళ్లు మూడు లీటర్లు, ఒకే పెద్ద బాటిల్‌గా కాకుండా మూడు సీసాలుగా. ఏటి నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, పైన ఎవరు ఏం కలిపారో మనకి తెలియదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. తలకి పెట్టుకునే టార్చి, పగలే తిరిగొచ్చేస్తాం అనుకున్నా సరే. విజిల్ ఒకటి, ముప్పై నలభై రూపాయల వస్తువు, ధార పక్కన నిలబడి ఎంత అరిచినా పదడుగుల అవతలికి వినపడదు కానీ విజిల్ వినపడుతుంది. క్రేప్ బ్యాండేజి, దూది, అయోడిన్ ఆయింట్‌మెంట్, మీరు రోజూ వేసుకునే మందులు. పవర్ బ్యాంకు, ఫోను, డబ్బులు జిప్ ఉన్న కవర్లో. వంద, యాభై నోట్లు ఉంచుకోండి, నెట్ లేని చోట యూపీఐ ఏం చేస్తుంది. ఒక జత పొడి సాక్సులు, పొడి టీషర్టు, తువ్వాలు బండి డిక్కీలో వదిలేయండి.

తిండి దగ్గర మనవాళ్లకి చెప్పక్కర్లేదు. చింతపండు పులిహోర పాడవదు, నాలుగు ఇడ్లీలకి నూనె కలిపిన కారప్పొడి పట్టించి డబ్బాలో పెట్టుకుంటే ఎక్కడైనా కూర్చుని తినేయొచ్చు. పెరుగన్నం రుచిగానే ఉంటుంది కానీ తిన్నాక నిద్రొస్తుంది, బండల మీద దిగాల్సినవాళ్లకి అది వద్దు. నడుస్తూ నోట్లో వేసుకోవడానికి వేరుశెనగ చిక్కీ. అన్నీ బ్యాగు లోపలే ఉండాలి, చేతిలో కవర్ వేలాడుతూ కనపడిందంటే కోతులు వదలవు.

షూస్ విషయంలో ఒక్కటే చూడండి, అడుగున రబ్బరు మెత్తగా ఉండి లోతైన గాట్లుండాలి. నున్నగా అరిగిపోయిన పాత రన్నింగ్ షూస్‌తోనే ఎక్కువమంది జారతారు. చెప్పులు వద్దు, జీన్స్ అంతకన్నా వద్దు, తడిసిన జీన్స్ ఆరదు, బరువెక్కి మోకాలు మడవనివ్వదు.

తెల్లవారుజామున దారి

బండి మీదైతే 5 గంటలకల్లా కదలాలి. మాధవరం, రెడ్ హిల్స్ మీదుగా జాతీయ రహదారి 16 ఎక్కేస్తే గుమ్మిడిపూండి, ఆరంబాక్కం, ఆ తర్వాత రాష్ట్ర సరిహద్దు దాటగానే తడ. అక్కడ ఎడమకి శ్రీకాళహస్తి రోడ్డు పట్టుకుంటే శ్రీసిటీ పక్కనుంచి వరదయ్యపాళెం వస్తుంది. ట్యాంకు గుమ్మిడిపూండిలోనే నింపుకోండి, సరిహద్దు దాటితే పెట్రోలు రేటు ఎక్కువ. టిఫిన్ కూడా దారిలోనే కానిచ్చేయండి. గుమ్మిడిపూండి, శ్రీసిటీ రెండూ ఫ్యాక్టరీల ప్రాంతాలు కాబట్టి తెల్లవారుజామున కూడా కంటైనర్ లారీలు బారులు తీరి ఉంటాయి, ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేసే సాహసాలు వద్దు.

రైల్లో వెళ్లాలంటే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్లూరుపేట వెళ్లే లోకల్ ఎక్కి తడలో దిగాలి. గుమ్మిడిపూండి దాకా రైళ్లు చాలా ఉంటాయి కానీ అది దాటి వెళ్లేవి కొన్నే, టైము ముందు రోజే చూసుకోండి. తడ నుంచి వరదయ్యపాళేనికి బస్సో షేర్ ఆటోనో పట్టుకుని, అక్కడి నుంచి కోనకి ఆటో మాట్లాడుకోవాలి. ఇక్కడ పోను ఆటో దొరకడం తేలిక, రాను దొరకదు. అందుకే మాట్లాడేటప్పుడే "అన్నా, రెండింటికి మళ్లీ ఇక్కడికే రావాల, పోనూ రానూ కలిపి చెప్పు" అని బేరం తేల్చేసి, సగం డబ్బులు తిరిగొచ్చాక ఇస్తానని ఒప్పుకోండి. ఆయన నంబరు మీ దగ్గర, మీది ఆయన దగ్గర ఉండాలి. అలా మీ కోసం ఎదురుచూసే మనిషి అక్కడ ఒకరు ఉన్నట్టు కూడా అవుతుంది.

గేటు దగ్గర పది నిమిషాలు

చాలామంది టికెట్ తీసుకుని గబగబా లోపలికి వెళ్లిపోతారు. మీరు ఆగండి. అక్కడున్న ఫారెస్టు వాచర్‌తో మాట్లాడటం ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా పనికొచ్చే పని, ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం ఆయన దగ్గరుంటుంది. అడగాల్సినవి మూడే: రాత్రి కొండ మీద వాన పడిందా, నీళ్లు నిన్నటికన్నా ఎక్కువున్నాయా, ఈ రోజు ఎక్కడి దాకా పోనిస్తున్నారు. మనం తెలుగువాళ్లం కావడం ఇక్కడ కలిసొస్తుంది. భాష తెలిసినవాళ్లకి ఆయన "ఒక్కడివేనా సామీ? పైమడుగు కాడికి పోబాక, కిందనే చూసుకోని వచ్చెయ్" అని మనసులో మాట చెప్పేస్తాడు. చెబితే వినండి. ఒక్కరే వచ్చానని, మధ్యాహ్నం ఒంటిగంటన్నర లోపు తిరిగొస్తానని చెప్పి, పేరూ ఫోన్ నంబరూ రాయించండి. దిగొచ్చాక మళ్లీ కనపడి వెళ్లండి.

గేటు మూసి ఉంటే పక్క పొలాల్లోంచి దారుందని ఎవరో ఒక కుర్రాడు వస్తాడు. వద్దు. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ప్రకారం నేరం. ఎర్రచందనం దొంగరవాణా వల్ల తిరుపతి చుట్టుపక్కల అడవుల మీద నిఘా ఎక్కువ, ఒంటరిగా బ్యాగేసుకుని అడ్డదారిలో తిరిగే మనిషిని చూసి ప్రకృతి ప్రేమికుడు అని ఎవరూ అనుకోరు. అందుకే ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే రెండో ప్లాను ఒకటి ఉంచుకోండి. శీతాకాలమైతే సూళ్లూరుపేట దాటాక నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు), పక్కనే పులికాట్ సరస్సు. లేదంటే అదే రోడ్డులో ముందుకెళ్లి శ్రీకాళహస్తి దర్శనం చేసుకుని రావచ్చు. రెండో ప్లాను ఉన్నవాడికి గేటు దగ్గర మొండితనం రాదు.

నడక

రానూపోనూ కలిపి ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అనుకోండి. మొదట చదునైన మట్టిదారి, తర్వాత ఏటి వెంట గుండ్రాళ్లు, ఆ తర్వాత చేతులు కూడా వాడాల్సిన బండలు. మొదటి భాగంలో గంటకి నాలుగు కిలోమీటర్లు నడిచేసి, ఇంతేనా అనుకుంటారు, బండల్లో ఒక్క కిలోమీటరుకే గంట పడుతుంది.

అందుకని ఒక టైము పెట్టుకోండి. ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండుకి, ధార దగ్గరికి చేరినా చేరకపోయినా, వెనక్కి తిరగాలి. డిసెంబర్‌లో మనకి పొద్దు 5:45కే గూకుతుంది, కోనలో కొండ అడ్డొచ్చి నాలుగున్నరకే వెలుతురు తగ్గుతుంది. "ఇంకో పది నిమిషాలే బ్రో" అని దిగేవాళ్లు చెప్పే మాట నమ్మొద్దు, అది వాళ్లు దిగే పది నిమిషాలు.

దారి ఏటిని వదలదు, మీరూ వదలొద్దు. ఏరు దాటాల్సిన చోటా, రెండు కాలిబాటలు కలిసే చోటా ఆగి, వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. ఎక్కేటప్పుడు చూసిన దారి దిగేటప్పుడు వేరేగా కనపడుతుంది, తప్పేది ఎక్కువగా అక్కడే. ఆ ఫోటోలు తిరుగుదారిలో వరసగా చూసుకుంటూ రావచ్చు.

బండల మీద కాలు ఎక్కడ వేయాలో రంగే చెబుతుంది. ఎండిన బండ తెల్లగా, గరుకుగా ఉంటుంది, దాని మీద ధైర్యంగా వేయండి. తడిసి నల్లగా నిగనిగలాడేదీ, ఆకుపచ్చగా పట్టుబట్టలా మెరిసేదీ పాకుడు పట్టిన బండ, ఏ షూ అయినా జారాల్సిందే. అనుమానంగా ఉంటే బరువంతా వెనక కాలి మీద ఉంచి, ముందు కాలి బొటనవేలి దగ్గర నొక్కి కొంచెం తిప్పి చూడండి, జారితే పక్కకి చూసుకోండి. ఆ వరసలో పాకుడు బండ తప్ప వేరే దారి లేకపోతే ఏట్లో దిగి నడవడం నయం, అడుగున గులకరాళ్లుంటే పట్టు ఉంటుంది. కాకపోతే పగిలిన బీరు సీసాల ముక్కలుంటాయి, షూస్ తీయొద్దు. ఎత్తయిన బండ దిగాల్సి వస్తే సిగ్గుపడకుండా కూర్చుని, లోయ వైపు కాళ్లు చాపి జరగండి. దూకొద్దు. ఫోన్ చేతిలో పట్టుకుని బండలెక్కొద్దు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

చెయ్యి పెట్టే ముందు సందులోకి చూడండి. పొద్దున పూట వెచ్చదనం కోసం పాములు బండల మీదికి వస్తాయి.

నీళ్ల దగ్గర

ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇలాంటి చోట్ల ప్రాణాలు పోయేది కొండ మీద నుంచి పడటం కంటే నీళ్లలోనే ఎక్కువ. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. ధార పడే చోట నీళ్లలో గాలి బుడగలు నిండి తెల్లగా నురగ ఉంటుంది, ఆ నీళ్లు మనిషిని మామూలు నీళ్లలా తేల్చవు. పైనుంచి పడ్డ నీళ్లు కిందికి వెళ్లి మళ్లీ ధార వైపే సుడి తిరుగుతాయి, ఈదేకొద్దీ లోపలికే లాక్కుంటాయి. మడుగు అంచు మోకాలి లోతు ఉండి, ఒక్క అడుగు ముందుకేస్తే తల మునిగే లోతు ఉండొచ్చు. ఎండలో రెండు గంటలు నడిచి ఒళ్లు కాగిపోయి ఉన్నప్పుడు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో పడితే ఊపిరి ఎగబీలుస్తాం, ఆ మొదటి ఊపిరికే నీళ్లు మింగేస్తాం.

కాబట్టి ఒక్కరే వెళ్లినప్పుడు మోకాలి లోతు దాటి దిగకూడదు. ఈత పోటీల్లో కప్పు కొట్టినా ఇదే రూలు. ధార కింద తల పెట్టాలన్న కోరిక ఉంటే ఇంకోసారి నలుగురితో, లైఫ్ జాకెట్‌తో రండి. పైగా ధారతో పాటు చిన్న రాళ్లు కూడా పడతాయి.

చేరగానే నీటి అంచున ఒక రాయి ఎంచుకుని దాని మీద నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో గుర్తు పెట్టుకోండి, లేదా అంచు దగ్గరే ఒక పుల్ల గుచ్చండి. తింటూ, కూర్చుని చూస్తూ ఉన్నా పావుగంటకోసారి దాని వైపు ఒక చూపు వేయండి. గుర్తు మునిగినా, తేట నీళ్లు టీ రంగులోకి మారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొస్తున్నా, ధార చప్పుడు బరువెక్కినా ఫోటోలు ఆపి వెంటనే ఏటికి పక్కగా పైకి ఎక్కేయండి. ఏటి వెంట కిందికి పరిగెత్తొద్దు, నీళ్లు మీకన్నా వేగంగా వస్తాయి. అవతలి ఒడ్డున చిక్కుకుపోతే నీళ్లు తగ్గేదాకా ఎత్తున కూర్చోవడమే, కొండవాగు లేచినంత గబుక్కున కాకపోయినా వాన ఆగాక మెల్లగా దిగుతుంది.

మామూలుగా ఏరు దాటేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. బ్యాగు నడుం పట్టీ విప్పేయండి, పడితే బ్యాగు వదిలించుకోగలగాలి. చేతికి ఒక గట్టి కర్ర తీసుకుని, నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టి, పక్క అడుగులు వేస్తూ దాటాలి. ఒకసారికి ఒక్కటే కదలాలి, కర్ర గాని, కాలు గాని.

ఏదైనా తేడా వస్తే

కాలు బెణికితే షూ విప్పొద్దు, విప్పితే వాపు వల్ల మళ్లీ ఎక్కదు. షూ మీదుగానే క్రేప్ బ్యాండేజి ఎనిమిది అంకెలా చుట్టి, కర్ర పట్టుకుని, దారి పక్కన నీడలో కూర్చోండి. ఆగి ఆగి మూడేసి సార్లు విజిల్ ఊదండి. వెనక జనం వస్తున్నారు కదా, శనివారం వెళ్లమన్నది ఇందుకే.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయొద్దు. ఉంగరం, వాచీ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టి, ఎవరినైనా పిలిచి మోయించుకుని గేటు దాకా రండి. సిగ్నల్ అందగానే 108. దగ్గర్లో శ్రీకాళహస్తి ఏరియా ఆసుపత్రి, ఇంకా పెద్దది కావాలంటే తిరుపతి రుయా. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే కాబట్టి పాముని చంపి తీసుకురావాల్సిన పని లేదు.

ఆడవాళ్లు ఒక్కరే వెళ్లొచ్చా అంటే, పొద్దున్నే వెళ్లి పదకొండుకల్లా దిగిపోయేలా ప్లాన్ చేసుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు, మధ్యాహ్నం నుంచి వచ్చే తాగుబోతు గుంపులే అసలు సమస్య. అంత రిస్కు వద్దనుకునేవాళ్లకి 2024 అక్టోబర్‌లో తమిళనాడు అటవీశాఖ మొదలుపెట్టిన ట్రెక్ తమిళనాడు ఉంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే శిక్షణ పొందిన స్థానిక గైడు తోడొస్తారు, తిరువళ్లూరు జిల్లా గుడియం గుహల దారి కూడా ఆ జాబితాలో ఉంది. అక్కడ జలపాతం లేదు, కానీ మొదటిసారి నడిచేవాళ్లు కాళ్లని పరీక్షించుకోవడానికి బాగుంటుంది.

తిరిగి రావడం

దిగడం ఎక్కడం కన్నా కష్టం, మోకాళ్లు వణుకుతుంటాయి, బుర్ర అప్పటికే ఇంటికి చేరిపోయి ఉంటుంది. దిగే ముందు ఓఆర్ఎస్ ఒక ప్యాకెట్ దాని మీద రాసినంత నీళ్లలో కలిపి తాగి, ఏదో ఒకటి తిని, పది నిమిషాలు కూర్చుని బయల్దేరండి. మీ చెత్త మీతోనే కిందికి రావాలి.

గేటు దగ్గర వాచర్‌కి కనపడి, బండి దగ్గర తడి బట్టలు మార్చుకుని, సిగ్నల్ రాగానే ముందు ఫోన్ చేయాల్సింది కాగితం ఇచ్చిన మనిషికి. ఇన్‌స్టాలో పెట్టి ఆయనకి చేయడం మర్చిపోతే ఇక్కడ మీరు టీ తాగుతుంటే అక్కడ పోలీసులకి ఫోన్ వెళ్తుంది. వరదయ్యపాళెంలోనో తడలోనో భోజనం చేసి, నాలుగున్నరకల్లా హైవే ఎక్కేయండి, శనివారం సాయంత్రం రెడ్ హిల్స్ నుంచి మాధవరం దాకా ట్రాఫిక్‌తో తల ప్రాణం తోకకొస్తుంది. బండి మీద కళ్లు మూతలు పడుతున్నట్టనిపిస్తే ఏదైనా పెట్రోల్ బంకులో ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయండి. ఇంటికెళ్లాక స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుం దగ్గర, చెవుల వెనక పిడుదులు ఏమైనా పట్టుకున్నాయేమో చూసుకోండి. షూస్‌లో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, ఎండలో పెడితే సోల్ ఊడుతుంది.